68 ఏళ్ళ వయసు.. 47 ఏళ్ళ పాత బండి.. గంటకు 296 కిలోమీటర్లు! ఎవరీ బర్ట్ మన్రో?

వయసు చూస్తే 68. గుండె జబ్బు ఉంది. చేతిలో ఉన్న బండి 1920లో కొన్నది. దాని స్పేర్ పార్టులు షాపుల్లో దొరకడం మానేసి చాలా ఏళ్ళయింది. చాలామంది ఆ వయసులో మనవళ్ళను ఆడిస్తూ ఇంటి పట్టున ఉంటారు. ఆయన మాత్రం ఆ బండిని ఓడ ఎక్కించి అమెరికా తీసుకెళ్ళారు. ఉప్పు ఎడారిలో గంటకు 296 కిలోమీటర్ల వేగంతో నడిపి రికార్డు కొట్టారు.

ఆయన పేరు బర్ట్ మన్రో. ఊరు న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్. 1967లో ఆయన చేసిన ఈ పని గురించి బైక్ ప్రియులు ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆ వేగం ఎంతో తెలియాలంటే ఒక లెక్క చూద్దాం. కర్నూలు నుంచి హైదరాబాద్ దాదాపు 215 కిలోమీటర్లు. ఆ స్పీడ్‌తో పోతే ముప్పావుగంటలో చేరిపోవచ్చు. అది కూడా మన తాతల కాలం నాటి బండి మీద!

ఇంతకీ ఎవరీ మన్రో? ఒక పాత బండితో ఇదంతా ఎలా సాధ్యమైంది? దాని కోసం ఆయన ఏం పోగొట్టుకున్నారు?

బద్వేలంత ఊరు.. దేశానికి ఆ చివర

ఇన్వర్‌కార్గిల్ న్యూజిలాండ్‌కు దక్షిణ కొసన ఉంటుంది. జనాభాలో మన బద్వేలుకు కాస్త అటూ ఇటుగా ఉండే ఊరు. పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు, రేసింగ్ కంపెనీలు అక్కడ లేవు. చుట్టూ పొలాలు, పశువులు, చలిగాలి. ఊరి పక్కన ఒరెటి అనే పొడవాటి సముద్ర తీరం.

ఆ ఊళ్ళోనే 1899 మార్చి 25న మన్రో పుట్టారు. అసలు పేరు హెర్బర్ట్ జేమ్స్ మన్రో. కవలల్లో ఒకరు. కవల చెల్లి పుట్టుకలోనే చనిపోయింది. ఈ పిల్లాడు కూడా రెండేళ్ళకు మించి బతకడని డాక్టర్లు తేల్చేశారని చెబుతారు. ఆ లెక్క తప్పింది. ఎంతగా తప్పిందంటే, ఆ పిల్లాడు 78 ఏళ్ళు బతికారు.

పెరిగిందంతా ఊరికి తూర్పున ఉన్న ఈడెన్‌డేల్‌లో, వ్యవసాయ కుటుంబంలో. చిన్నప్పటి నుంచీ ఆయనకు వేగం అంటే పిచ్చి. పొలంలో అన్నిటికంటే జోరుగా పరిగెత్తే గుర్రాన్నే ఎక్కేవారు. నాన్నకు ఇది నచ్చేది కాదు. కొడుకు బుద్ధిగా సేద్యం చేసుకుంటే చాలనుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక కుటుంబం పొలం అమ్మేసింది. మన్రో కొన్నాళ్ళు ఒటీరా రైలు సొరంగం పనిలో కూలీగా చేశారు. తర్వాత నాన్న మళ్ళీ పొలం కొని వెనక్కి పిలిపించారు. కానీ మనసు నాగలి మీద నిలిస్తే కదా!

627వ బండి

1920లో మన్రో ఒక కొత్త బైక్ కొన్నారు. పేరు ఇండియన్ స్కౌట్. పేరు చూసి ఇది మన దేశపు బండి అనుకోవద్దు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో తయారయ్యే బైక్ ఇది. అక్కడి ఆదివాసీ జాతులను తెల్లవాళ్ళు ఇండియన్లు అని పిలిచేవారు. కంపెనీకి ఆ పేరే పెట్టుకున్నారు.

విచిత్రం ఏంటంటే, ఈ కంపెనీకీ మన బుల్లెట్‌కూ ఒక చుట్టరికం ఉంది. 1953లో ఇండియన్ బైకుల తయారీ ఆగిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు ఇంగ్లండ్‌లో తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్ల మీద ఇండియన్ పేరు వేసి అమెరికాలో అమ్మారు. సరిగ్గా అదే కాలంలో, 1955లో, మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ మొదలైంది. అలా మన ఊళ్ళలోకి బుల్లెట్ వచ్చింది.

మళ్ళీ మన్రో దగ్గరికి వద్దాం. ఆయన కొన్న స్కౌట్ ఇంజన్ నంబర్ 50ఆర్627. ఆ మోడల్‌లో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన 627వ బండి. 600 సీసీ ఇంజన్. రెండు సిలిండర్లు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దాని టాప్ స్పీడ్ గంటకు 89 కిలోమీటర్లు. బ్రేకు వెనక చక్రానికి మాత్రమే ఉండేది.

1920లో ఆ వేగమే చాలా గొప్ప. మన్రోకు మాత్రం చాల్లేదు. 1926 నుంచి బండిని విప్పడం మొదలుపెట్టారు. ఆ విప్పడం, బిగించడం దాదాపు జీవితాంతం సాగింది.

షెడ్డే ఫ్యాక్టరీ

బద్వేలు, మైదుకూరు, పోరుమామిళ్ళ.. ఏ ఊరికెళ్ళినా ఒక మెకానిక్ షెడ్డు కనిపిస్తుంది. స్పేర్ దొరక్కపోతే ఇంకో బండిది తీసి సరిచేసి వేస్తారు. ఇనుప ముక్కను లేత్ మీద తిప్పించి పని నడిపిస్తారు. మన్రో చేసింది కూడా అదే. కాకపోతే ఆయన దాన్ని ఎక్కడిదాకా తీసుకెళ్ళారో చూడండి.

పిస్టన్లు కొనలేదు. పాత డబ్బాల్లో లోహం కరిగించి పోసి సొంతంగా చేసుకున్నారు. సిలిండర్లకు పాత ఇనుప గ్యాస్ పైపులు వాడారు. కనెక్టింగ్ రాడ్ల కోసం ట్రాక్టర్ యాక్సిల్ ఉక్కు తెచ్చి, నెలల తరబడి చేత్తోనే అరగదీశారు. కొలతలకు ఖరీదైన మైక్రోమీటర్ లేదు. పాత స్పోకునే కొలబద్దగా మార్చుకున్నారు. టైర్ల మీది గాట్లను కత్తితో చెక్కేసి నున్నగా చేశారు. అంతే కాదు, ఇంజన్ వాల్వులు పని చేసే పద్ధతినే మార్చేశారు. పాత సైడ్ వాల్వ్ ఇంజన్‌ను తన సొంత డిజైన్‌తో ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్ చేశారు. 600 సీసీ ఇంజన్ చివరికి 950 సీసీ దాకా పెరిగింది.

ఇవన్నీ ఒక్కసారికి కుదిరినవి కావు. పగలు బైకులు అమ్మే ఉద్యోగం. రాత్రంతా షెడ్డులో పని. రాత్రి పోసిన పిస్టన్ మర్నాటి పరుగులో పగిలిపోయేది. మళ్ళీ పోసేవారు. మళ్ళీ పగిలేది. ఇలా పాడైన పార్టులను ఆయన పారేయలేదు. షెడ్డులో ఒక అల్మారా పెట్టి వరసగా పేర్చారు. వేగం అనే దేవుడికి సమర్పించుకున్న కానుకలని దాని మీద రాసి పెట్టారు. మనం తిరుపతి హుండీలో వేసినట్టు, ఆయన విరిగిన పిస్టన్లు సమర్పించుకున్నారన్నమాట.

స్కౌట్ ఒక్కటే కాదు. 1936 నాటి వెలోసెట్ బైక్ కూడా ఆయన చేతిలో ఇలాగే మారిపోయింది. ఒరెటి బీచ్‌లో, న్యూజిలాండ్ రోడ్ల మీద ఈ రెండు బండ్లతో ఆయన దేశవాళీ రికార్డులు చాలానే కొట్టారు.

ఇంట్లో ఏం జరిగింది?

ఈ కథలో అందరూ దాటేసే భాగం ఇది. మన్రోకు పెళ్ళయింది. భార్య పేరు బెరిల్. నలుగురు పిల్లలు. 1930ల్లో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. మళ్ళీ పొలం పని, బైకుల అమ్మకం, మెకానిక్ పని చేస్తూ ఇల్లు నెట్టుకొచ్చారు. కానీ రాత్రీ పగలూ బండే లోకమైన మనిషితో సంసారం ఎంతకాలం సాగుతుంది? 1947లో విడాకులయ్యాయి.

ఆ తర్వాత ఆయన ఉద్యోగం కూడా మానేశారు. సిమెంటు గోడల చిన్న షెడ్డులోకి మారిపోయారు. ఒక మూల మంచం, మిగతా చోటంతా బండ్లు, పనిముట్లు. నిద్ర లేస్తే ఎదురుగా ఇంజన్. పడుకునేటప్పుడూ ఇంజనే. ఇందులో గొప్పదనం ఎంతో, ఒంటరితనం ఎంతో చెప్పడం కష్టం. రికార్డు పుస్తకంలో ఈ ఖర్చు ఎక్కడా కనబడదు.

శరీరం కూడా ఖర్చైపోయింది. పరుగుల్లో ఎన్నోసార్లు పడ్డారు. దెబ్బలు తిన్నారు. 1950ల చివరికి గుండెనొప్పి కూడా మొదలైంది. డాక్టర్లు జాగ్రత్త అన్నారు. ఆయన మాత్రం ఉప్పు ఎడారి వైపు చూశారు.

ఉప్పు మీద రేసు.. ఇదేం రేసు?

అమెరికాలో యూటా అనే రాష్ట్రం ఉంది. అక్కడ బోన్‌విల్ అనే చోట వేల ఎకరాల్లో తెల్లటి ఉప్పు నేల. ఒకప్పటి మహా సరస్సు ఎండిపోగా మిగిలింది ఇది. చలికాలంలో నీళ్ళు నిలుస్తాయి. ఎండాకాలంలో ఆరిపోయి గచ్చులాగా గట్టిపడుతుంది. చెట్టు లేదు, రాయి లేదు, మలుపు లేదు. వేగంగా పోవాలనుకునేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి? 1935లోనే మాల్కమ్ క్యాంప్‌బెల్ ఇక్కడ కారును గంటకు 300 మైళ్ళు, అంటే 480 కిలోమీటర్లకు పైగా నడిపారు.

1949 నుంచి ఇక్కడ ఆగస్టులో స్పీడ్ వీక్ జరుగుతోంది. ఇది మనం టీవీలో చూసే రేసు లాంటిది కాదు. పక్కపక్కన బండ్లు పోటీ పడవు. ఒక్కో బండీ ఒంటరిగా వెళ్తుంది. మొదట కొన్ని మైళ్ళలో వేగం పెంచుకోవాలి. తర్వాత ఒక మైలును ఎంత సేపట్లో దాటారో కొలుస్తారు. ఒక్కసారి కొడితే సరిపోదు. రెండు పరుగుల సగటు తీస్తారు. గాలి కలిసొచ్చో, అదృష్టం బాగుండో ఒకసారి దూసుకెళ్తే అది రికార్డు కాదన్నమాట. మొదటి పరుగు తట్టుకున్న ఇంజన్ రెండోదాన్ని కూడా తట్టుకోవాలి.

ఇక అక్కడికొచ్చే బండ్లు చూస్తే మతి పోవాల్సిందే. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధ విమానాల కింద తగిలించిన పెట్రోలు ట్యాంకులను కొందరు కొనుక్కొచ్చారు. వాటికి చక్రాలు, ఇంజన్ బిగించి కార్లు చేశారు. చూడ్డానికి నీటి బొట్టులా ఉంటాయి. సిగరెట్టులా సన్నగా, పొడుగ్గా ఉండే బండ్లు కూడా ఉంటాయి. లోపల మనిషి పడుకుని నడపాలి. డీజిల్ ట్రక్కులు వస్తాయి. 50 సీసీ చిన్న బైకులూ వస్తాయి. ఇంజన్ సైజును బట్టి, బాడీని బట్టి వేర్వేరు క్లాసులు. అందుకే షెడ్డులో బండి చేసుకునే మామూలు మనిషికి కూడా ఇక్కడ చోటుంది.

ఇక్కడ తీసిన ఒక ఫోటో ప్రపంచమంతా తిరిగింది. 1948లో రోలీ ఫ్రీ అనే రైడర్ గాలి అడ్డుపడకూడదని స్విమ్మింగ్ డ్రాయర్ మాత్రం వేసుకుని విన్సెంట్ బైక్ మీద బోర్లా పడుకున్నాడు. కాళ్ళు వెనక్కి చాచి 150 మైళ్ళు, అంటే దాదాపు 242 కిలోమీటర్ల వేగం దాటాడు. ఆ ఫోటో చాలామందిని ఉప్పు ఎడారికి లాక్కొచ్చింది.

1962: 63 ఏళ్ళ కొత్త రేసర్

మన్రో బోన్‌విల్‌కు మొత్తం 10 సార్లు వెళ్ళారు. మొదటిసారి చూసి రావడానికే. మిగతా 9 సార్లు పరుగు పెట్టడానికి.

బండికి ఒక తొడుగు చేసుకున్నారు. ముందు నుంచి వెనక దాకా మూసేసి, చేప ఆకారంలో ఉంటుంది. మనిషి కూర్చోడు. ఛాతీ ఆనించి ముందుకు వాలిపోవాలి. గాలి తగలకుండా ఉంటుంది కాబట్టి వేగం పెరుగుతుంది. కానీ పక్క గాలి కొడితే బండి ఊగిపోతుంది. కాలికి వేడి సైలెన్సర్ పైపు తగిలి కాలిన సందర్భాలూ ఉన్నాయి. స్టార్ట్ అవ్వాలంటే వెనక నుంచి ఎవరైనా నెట్టాలి. తోటి రేసర్లే వచ్చి నెట్టేవారు. తన బండితో పోటీ పడేవాడికే చెయ్యి అందించడం ఆ మైదానంలో అలవాటు.

1962లో, 63 ఏళ్ళ వయసులో, 883 సీసీ క్లాసులో గంటకు 288 కిలోమీటర్లతో ఆయన ప్రపంచ రికార్డు పెట్టారు. ఫ్యాక్టరీ నుంచి 89 కిలోమీటర్ల వేగంతో వచ్చిన బండి అది. 42 ఏళ్ళలో మూడు రెట్లు దాటింది. 1966లో వెయ్యి సీసీ క్లాసులో 270 కిలోమీటర్లతో ఇంకో రికార్డు.

1967: చావు అంచున

మరుసటి ఏడాది మళ్ళీ వచ్చారు. ఈసారి ఇంజన్ 950 సీసీ. అర్హత పరుగులో ఒక వైపు గంటకు 305 కిలోమీటర్లు దాటారు. ఇండియన్ బైక్ మీద అధికారికంగా నమోదైన అత్యధిక వేగంగా దాన్ని చెబుతారు.

ఆ ఏడాది ఒక పరుగులో బండి ఊగడం మొదలైంది. ఆ వేగంలో ఊగిందంటే ఇక చేతిలో ఏమీ ఉండదు. వేగం తగ్గించడానికి మన్రో తల పైకెత్తారు. అంతే, గాలి దెబ్బకు కళ్ళద్దాలు ఎగిరిపోయాయి. కళ్ళు తెరవలేని పరిస్థితి. దారి చూపించడానికి ఉప్పు మీద గీసిన నల్ల గీత కనబడలేదు. బండి గీత వదిలి పక్కకు పోయింది. ఒక ఇనుప గుర్తు కమ్మీ పక్క నుంచి వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. చివరికి బండిని పక్కకు పడేసి, ఉప్పు మీద జారుతూ ఆగారు. కొద్దిపాటి గీరుడు గాయాలతో బయటపడ్డారు.

68 ఏళ్ళ మనిషి. గుండె జబ్బు. మరొకరైతే అక్కడితో సరి అనుకుంటారు. కానీ ఆ ఏడాదే వెయ్యి సీసీ లోపు క్లాసులో రెండు పరుగుల సగటుతో ఆయన గంటకు 295 కిలోమీటర్ల పైచిలుకు రికార్డు పట్టుకునే ఇంటికెళ్ళారు.

లెక్క తప్పింది.. 47 ఏళ్ళకు సరిచేశారు

ఇక్కడ ఇంకో మలుపు. ఆ రికార్డును 183.586 మైళ్ళుగా పుస్తకంలో రాశారు. చాలా ఏళ్ళ తర్వాత మన్రో కొడుకు జాన్ ఆ అంకెలు చూసి సగటు లెక్కలో తప్పు ఉందని పట్టుకున్నారు. 2014లో అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ ఆ తప్పును సరిదిద్దింది. 184.087 మైళ్ళని మార్చి రాసింది. అంటే గంటకు 296.2 కిలోమీటర్లు. అప్పటికి మన్రో చనిపోయి 36 ఏళ్ళు.

తేడా ఎంత? గంటకు కిలోమీటరు కూడా లేదు. కానీ ఆ కిలోమీటరు లోపు తేడా కోసమే ఆయన ఎన్నో రాత్రులు ఆకురాయితో ఉక్కును అరగదీశారు. నాన్న షెడ్డు కోసం తమకు దూరమయ్యారు. ఆ నాన్న చేసిన ప్రతి అంగుళం లెక్కలోకి రావాలని కొడుకు అడిగారు. ఈ కథలో అన్నిటికంటే మనసుకు తగిలేది ఇదే.

చివరి రోజులు

1970ల మొదట్లో రోజర్ డొనాల్డ్‌సన్ అనే యువ దర్శకుడు మన్రో మీద డాక్యుమెంటరీ తీశారు. అప్పటికి ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతింది. 1977లో పక్షవాతం వచ్చింది. ఇక బండి నడపలేనని అర్థమయ్యాక తన రెండు బైకులనూ ఊళ్ళోనే తెలిసిన వ్యాపారి కుటుంబానికి అమ్మేశారు. 1978 జనవరి 6న గుండె జబ్బుతో కన్నుమూశారు.

అదే డొనాల్డ్‌సన్ 2005లో ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్ అనే సినిమా తీశారు. మన్రోగా ఆంథనీ హాప్‌కిన్స్ నటించారు. ఆ సినిమాతోనే మన్రో పేరు ప్రపంచానికి తెలిసింది. అయితే సినిమా చూసినవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అందులో చాలా ప్రయాణాలను కలిపి ఒక్క ప్రయాణంగా చూపించారు. నిజంలో ఆ విజయం ఒక్క వారంలో రాలేదు. ఏళ్ళ తరబడి విరిగిన పిస్టన్ల మీద నిలబడి వచ్చింది. 2006లో అమెరికా మోటార్‌సైకిల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కింది.

మన రోడ్ల మీద కాదు

మన్రో వీడియోలు చూసి ఎక్సలేటర్ తిప్పాలనిపించే కుర్రాళ్ళు ఒక విషయం గమనించాలి. ఆయన ఆ వేగం చూపించింది ఖాళీ ఉప్పు ఎడారిలో. ఎదురుగా మనిషి లేడు, గేదె లేదు, ఆటో లేదు. అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. పరుగుకు ముందు బండిని తనిఖీ చేస్తారు. బద్వేలు నుంచి కడప వెళ్ళే రోడ్డులో అలాంటిదేదీ లేదు. సైలెన్సర్ మార్చి శబ్దం పెంచడం బండి చేయడం కాదు. మన్రో పెంచింది శబ్దం కాదు, పనితనం.

ఇక ఎండిన సరస్సు కూడా శాశ్వతం కాదు. బోన్‌విల్ ఉప్పు పొర ఏటికేడు పలచబడుతోంది. 2014లో వాన నీళ్ళ వల్ల, 2015లో ఉప్పు సరిగా లేక స్పీడ్ వీక్ రద్దైంది. మన్రో పరిగెత్తిన నేల మీద రేపటి రేసర్లు ఎన్నాళ్ళు పరిగెడతారో అన్న బెంగ అక్కడివాళ్ళకు పట్టుకుంది.

ఇప్పుడు ఆ బండి ఎక్కడుంది?

ఇన్వర్‌కార్గిల్‌లో ఈ హేస్ అనే హార్డ్‌వేర్ షాపు ఉంది. బోల్టులు, నట్లు, స్పానర్లు, గొట్టాలు అమ్మే షాపు. మన్రో స్కౌట్ ఆ షాపులోనే ఉంది. బోల్టులు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా ఆగి చూసి వెళ్తారు. ఏటా ఆ ఊళ్ళో ఆయన పేరు మీద బైక్ రేసుల పండగ జరుగుతుంది. ఒరెటి బీచ్ ఇసుక మీద మళ్ళీ ఇంజన్లు మోగుతాయి.